ఎత్తు ప్రాంతం, పొడి వాతావరణం: టమాటా పూత రాలిపోతుంటే, ఏ కాలంలో ఏం వేయాలంటే

పగలు ఎండ బాగానే కాస్తోంది కదా మరి టమాటా పూత ఎందుకు రాలిపోతోంది, అసలు ఏ కాలంలో ఏం వేయాలి అని అడిగారు. నేను కూడా ఇలాంటి చోటే చాలా ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నా, అందుకే చెప్తున్నా, ఎండని నమ్మకండి, రాత్రి టెంపరేచర్ చూడండి. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది, పైగా గాలిలో తేమ లేదు, మబ్బు పట్టదు, కాబట్టి నేల పగలంతా పీల్చుకున్న వేడి చీకటి పడగానే పైకి పోతుంది. రాత్రి 13 డిగ్రీల కిందికి దిగితే టమాటాకి పుప్పొడి సరిగ్గా రాదు, పిందె పట్టదు, పూత రాలిపోతుంది. దానికి ఎరువు వేసినా మందు కొట్టినా డబ్బు దండగే.

బఠానీ, పాలకూర, ముల్లంగి, క్యారెట్ మాత్రం చలికి భయపడవు, ఇంకా అప్పుడప్పుడు ఫ్రాస్ట్ (ఆకుల మీద మంచు గడ్డకట్టేంత చలి) పడుతున్నా మట్టి వదులైతే చాలు విత్తనాలు చల్లేయొచ్చు. టమాటా, మిర్చి అయితే నారు ఇంట్లోనే పోసుకుని, ఫ్రాస్ట్ భయం పూర్తిగా పోయాకే బయట నాటాలి, నాటాక 60, 65 రోజుల్లో కాపుకొచ్చే రకాలే తీసుకోండి, నా అనుభవంలో చెర్రీ టమాటాని మించింది లేదు. నారుని ఒకేసారి ఎండలో పెట్టకండి, ఎత్తులో ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలు ఎక్కువ, ఆకులు తెల్లగా మాడిపోతాయి, వారం పది రోజులు రోజూ కొంచెం కొంచెం పెంచుతూ అలవాటు చేయాలి.

రాత్రి చలి ఎక్కువ ఉంటుందనిపిస్తే మధ్యాహ్నమే మట్టి తడపండి, తడి మట్టి పొడి మట్టికంటే ఎక్కువ వేడి దాచుకుంటుంది (చాలామంది దీనికి ఉల్టాగా చెప్తారు). సాయంత్రం పాత దుప్పటి నేలదాకా కప్పి పొద్దున్నే తీసేయండి, ప్లాస్టిక్ షీట్ అయితే ఆకులకి తగలకూడదు, తగిలినచోటల్లా మాడుతుంది.

నీళ్లు రోజూ పైపైన చల్లేకన్నా రెండు మూడు రోజులకోసారి లోపలిదాకా దిగేలా పొద్దున పూట పోస్తే వేళ్లు కిందికి పోతాయి. ఎండుగడ్డి రెండు మూడు అంగుళాల మందం పరవండి, కానీ మట్టి వేడెక్కాకే, ముందే పరిస్తే చలి లోపలే ఉండిపోతుంది. ఇంకోటి, పొయ్యి బూడిద వేయకండి, వాన తక్కువ పడే నేలల్లో చాలావరకు క్షారగుణం ముందే ఎక్కువ, బూడిద ఇంకా పెంచుతుంది, అప్పుడు మట్టిలో ఐరన్ ఉన్నా మొక్క తీసుకోలేదు, ఈనెలు పచ్చగానే ఉండి మిగతా ఆకంతా పసుపు తిరుగుతుంది.

టమాటా సీజన్ అయిపోయాక ఆ మడి ఖాళీగా ఉంచకుండా వెల్లుల్లి రెబ్బలు గుచ్చేయండి, చలికాలమంతా అలాగే ఉండి వచ్చే వేసవికి గడ్డ కడతాయి. మంచు కప్పకుండా నేల ఎండిపోతుంటే మాత్రం నెలకి ఒకటి రెండుసార్లు, మట్టి గడ్డకట్టని రోజు చూసుకుని మిట్టమధ్యాహ్నం నీళ్లు పెట్టండి.