బిట్‌కాయిన్ నోడ్‌లోకి ఎవరో ఎక్కించిన బొమ్మకు నేను జవాబుదారీనా?

ప్రశ్న: మాది విజయవాడ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్నేళ్లుగా ఇంట్లో పాత కంప్యూటర్ మీద బిట్‌కాయిన్ ఫుల్ నోడ్ (లావాదేవీల చిట్టా అయిన చైన్‌ను మొత్తం దించుకుని సరిచూసే ప్రోగ్రాం) నడుపుతున్నాను. ఆదాయం కోసం కాదు, ఆసక్తి కొద్దీ. 2025 అక్టోబరులో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ (నోడ్ నడిపే సాఫ్ట్‌వేర్) 30వ వెర్షన్‌లో, లావాదేవీకి జోడించే డేటా హద్దు పెంచేశారని, ఇకపై ఎవరైనా అశ్లీల చిత్రాలు, చివరికి పిల్లలపై లైంగిక దాడుల ఫొటోలు కూడా చైన్‌లో పెట్టేయొచ్చని మిత్రులు చెబుతున్నారు. అవి నా హార్డ్ డిస్క్‌లోకీ వస్తాయి కదా, రేపు కేసయితే ఎలా అని ఇంట్లో ఒకటే టెన్షన్. నోడ్ ఆపేయాలా? ఇంకో విషయం. నా స్నేహితుడు ఇంటర్, డిగ్రీ విద్యార్థుల సర్టిఫికెట్లను పబ్లిక్ బ్లాక్‌చెయిన్‌లో పెట్టే కంపెనీ మొదలుపెడుతూ నన్నూ డైరెక్టర్‌గా చేరమంటున్నాడు. అందులో చట్టపరమైన చిక్కులున్నాయా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ భయంలో అర్థం ఉంది. కానీ దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు. నోడ్‌ను ఆపేయాల్సిన పని లేదు గానీ, నడిపే తీరు కొంత మార్చుకోవాలి.

ముందు మీ మిత్రులు చెప్పిన మాట సరిచేస్తాను. చైన్‌లోకి డబ్బుతో సంబంధం లేని సమాచారం ఎక్కడం కొత్త కాదు. 2009 జనవరి 3 నాటి మొట్టమొదటి బ్లాక్‌లోనే (బ్లాక్ అంటే లావాదేవీల కట్ట) లండన్ టైమ్స్ పత్రిక శీర్షిక ఒకటి ఉంది. 2018లో జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బిట్‌కాయిన్ చైన్‌ను జల్లెడపడితే 1,600 దాకా ఫైళ్లు దొరికాయి. చాలావరకు హాని లేనివే. కానీ వాటిలో పిల్లల లైంగిక దోపిడీ సామగ్రికి దారితీసే లింకులు 274 ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది బిట్‌కాయిన్ ఎస్‌వీ అనే వేరే చైన్‌లో ఏకంగా అలాంటి చిత్రాలనే పెట్టారు. 2023 జనవరిలో ఆర్డినల్స్ (లావాదేవీల్లో బొమ్మలు, రాతలు చేర్చే పద్ధతి) వచ్చాక బిట్‌కాయిన్‌లో పూర్తి బొమ్మలు పెట్టడం మామూలైపోయింది. అంటే 30వ వెర్షన్‌కు ముందే తలుపు తెరిచి ఉంది.

ఆ వెర్షన్‌లో 80 బైట్ల దగ్గరున్న డిఫాల్ట్ హద్దును లక్ష బైట్లకు పెంచిన మాట నిజమే. అయితే ఇంకా బ్లాక్‌లోకి ఎక్కని లావాదేవీని మీ నోడ్ పక్క నోడ్లకు అందించాలా వద్దా అన్నదానికే ఆ హద్దు వర్తిస్తుంది. మైనర్ (లావాదేవీలను బ్లాకులుగా చేర్చేవారు) ఒకసారి బ్లాక్‌లో పెట్టేశాక కోర్ అయినా, దానికి బదులు వాడే నాట్స్ సాఫ్ట్‌వేర్ అయినా, పాత వెర్షన్ అయినా ఆ బ్లాక్‌ను దించుకోవలసిందే. కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన చట్టం ముందు మీ స్థితి పెద్దగా మారదు.

ఇప్పుడు చట్టం సంగతి. పెద్దల అశ్లీల చిత్రాల విషయంలో ఐటీ చట్టం 67, 67ఎ సెక్షన్లు శిక్షించేది ప్రచురించడాన్ని, పంపడాన్ని. మీ డిస్క్‌లో ఉండటం ఒక్కటే నేరం కాదు. పిల్లల విషయంలో అలా కాదు. ఐటీ చట్టం 67బి ప్రకారం అలాంటి వాటిని వెతకడం, చూడటం, డౌన్‌లోడ్ చేయడం కూడా నేరమే. మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం సెక్షన్ 15 అయితే దగ్గర ఉంచుకోవడాన్నే పట్టుకుంటుంది. 2024 సెప్టెంబరు 23న జస్ట్ రైట్స్ ఫర్ చిల్డ్రన్ అలయన్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరచి చెప్పింది. ఎవరికీ పంపకపోయినా, తెలిసి ఉంచుకుని, చెరపకుండా, ఫిర్యాదు చేయకుండా ఉంటే పంచే ఉద్దేశం ఉన్నట్టు భావించవచ్చని అంది. పైగా పోక్సో సెక్షన్ 30 కింద ఆ ఉద్దేశం ఉందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. లేదని నిరూపించుకునే భారం నిందితుడిదే.

ఇది చదివి కంగారుపడకండి. అదే తీర్పులో మీకు ఊరటనిచ్చే మాటలూ ఉన్నాయి. స్వాధీనంలో ఉందనాలంటే దాని మీద అదుపు ఉండాలి, ఆ సంగతి తెలిసీ ఉండాలి. వందల గిగాబైట్ల చైన్‌లో ఏ మూల ఏముందో తెలియని వ్యక్తి, ఒక ఫోల్డర్‌లో ఫొటోలు దాచుకున్న వ్యక్తి ఒకటి కారు. మీ డిస్క్‌లో బ్లాకులు 128 మెగాబైట్ల ముడి ఫైళ్లుగా ఉంటాయి. ఎవరో పనిగట్టుకుని విప్పితే తప్ప బొమ్మ కనపడదు. నోడ్ నడిపేవారి బాధ్యత మీద మన సుప్రీంకోర్టు నేరుగా తీర్పు ఇవ్వలేదు కనుక, వాదన అంతా ‘తెలుసా, తెలియదా’ అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. ఐటీ చట్టం 79 కింద, ఇతరుల సమాచారాన్ని చేరవేసే మధ్యవర్తులకు ఇచ్చే రక్షణ మీకూ ఉందని మీ లాయరు వాదించవచ్చు. కానీ ఆ రక్షణకు 2021 ఐటీ నియమాలలోని జాగ్రత్తలు పాటించి ఉండాలి. ఇంట్లో నోడ్ నడిపే మనిషి ఫిర్యాదుల అధికారిని పెట్టుకోడు కదా! అందుకే దాని మీదే ఆశ పెట్టుకోవద్దంటాను.

చైన్‌ను ఎవరూ చెరపలేరు కాబట్టి చట్టాన్ని పాటించడమే అసాధ్యం అనుకుంటారు చాలామంది. సెక్షన్ 15 మిమ్మల్ని లోకం మొత్తంలోంచి చెరపమనడం లేదు. మీ దగ్గరున్న కాపీని చెరపమంటోంది, లేదా ఫిర్యాదు చేయమంటోంది. ఆ రెండూ మీ చేతిలో పనులే. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ప్రూన్ విలువ 550 అని పెట్టండి. నోడ్ ప్రతి బ్లాక్‌నూ సరిచూస్తూనే పాతవాటిని చెరిపేసి, చివరి 550 మెగాబైట్ల వరకే ఉంచుకుంటుంది. పాత బ్లాకులను ఇతరులకు పంపడమూ ఆగిపోతుంది. మీరు ఆసక్తి కొద్దీ నడుపుతున్నానన్నారు కనుక, మీకు ఇది చాలు. ఒకవేళ నోడ్ పక్కన ఆర్డినల్స్ బొమ్మలను తెర మీద చూపే సర్వర్ గానీ, అందరూ తెరవగలిగే ఎక్స్‌ప్లోరర్ (చైన్‌లోని లావాదేవీలను చూపే వెబ్‌సైట్) గానీ పెట్టి ఉంటే వెంటనే తీసేయండి. బ్లాక్ దాచడం వేరు, బొమ్మను పేజీలో చూపించడం వేరు. రెండో పని చేసేవారికి తెలియదనే వాదన నిలవదు.

ఫలానా లావాదేవీలో పిల్లల చిత్రం ఉందని మీకు నిజంగా తెలిసిందనుకోండి. తెరిచి చూడకండి. స్క్రీన్‌షాట్ తీయకండి. ‘చూడండి, ఎంత ఘోరమో’ అంటూ గ్రూపులో అసలే పెట్టకండి, అది పంచడం కిందికే వస్తుంది. బ్లాక్ నంబరు, లావాదేవీ ఐడీ మాత్రం రాసుకుని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ, స్థానిక పోలీసులకు గానీ ఫిర్యాదు ఇవ్వండి. పోర్టల్‌లో పేరు చెప్పకుండానూ ఇవ్వవచ్చు. అయితే పేరుతో ఇచ్చి రసీదు దాచుకోండి. రేపు మీ నిజాయితీకి అదే సాక్ష్యం. ఆ తర్వాత మీ కాపీ చెరపండి. కానీ పోలీసు నోటీసు వచ్చాక మాత్రం డిస్క్‌ను ముట్టుకోవద్దు. సాక్ష్యం మాయం చేశారని భారతీయ న్యాయ సంహిత 238 కింద ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది.

చెరగకపోవడం ఎప్పుడూ చెడ్డదే అని నేననను. 2018 ఏప్రిల్‌లో పెకింగ్ విశ్వవిద్యాలయ విద్యార్థిని ఒకరు లైంగిక వేధింపుల కేసు గురించి రాసిన లేఖను చైనాలో తొలగిస్తుంటే, ఎవరో దాన్ని ఇథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్ లావాదేవీలో పెట్టి కాపాడారు. కానీ అదే గుణం ఒక బిడ్డ ఫొటోకు పట్టిందంటే, ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా అది ఎక్కడో ఉందన్న బాధతో బతకాలి. మీ ఇంట్లోవాళ్ల టెన్షన్ కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. అందుకే కేసు పడుతుందా లేదా అన్నదాన్ని పక్కనపెట్టి, తెలిసిన వెంటనే ఫిర్యాదు ఇవ్వమని గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ స్నేహితుడి కంపెనీ. నా దృష్టిలో నోడ్ కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే ఇక్కడ రాసేది మీరే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సెక్షన్ 12 ప్రకారం, తన వివరాలను సరిదిద్దమని, చెరపమని అడిగే హక్కు విద్యార్థికి ఉంటుంది (ఈ సెక్షన్లు 2027 మే నుంచి అమలయ్యేలా 2025 నవంబరులో నోటిఫై చేశారు). ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి 18 ఏళ్లు నిండవు, కాబట్టి సెక్షన్ 9 కింద తల్లిదండ్రుల సమ్మతి కావాలి. చట్టంలోని జరిమానాలు ఉల్లంఘనను బట్టి 250 కోట్ల రూపాయల దాకా ఉన్నాయి. ‘మా చైన్‌లో చెరపడం కుదరదు’ అన్నది జవాబు కానే కాదు. కుదరని చోట పెట్టమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు కదా అంటారు అధికారులు.

పేరు, హాల్ టికెట్ నంబరు, మార్కులు మీ సర్వర్‌లోనే ఉండాలి. చైన్ మీదికి హ్యాష్ (సర్టిఫికెట్ నుంచి లెక్కగట్టి తీసే వేలిముద్ర లాంటి సంకేతం) ఒక్కటే వెళ్లాలి. అదీ ఒక్కో సర్టిఫికెట్‌కు విడిగా ఒక రహస్య సంఖ్య కలిపి తీసిన హ్యాష్ అయి ఉండాలి. అది కలపకుండా ఆధార్ నంబరునో, ఫోన్ నంబరునో హ్యాష్ చేస్తే దాచినట్టు కాదు. 12 అంకెలతో వచ్చే సంఖ్యలన్నీ కలిపినా లక్ష కోట్లే, కంప్యూటర్ వాటన్నిటినీ ప్రయత్నించి అసలు నంబరు పట్టేస్తుంది. రహస్య సంఖ్యను, సర్వర్‌లోని రికార్డును చెరిపేస్తే చైన్ మీద మిగిలిన హ్యాష్‌ను ఎవరూ ఆ విద్యార్థికి ముడిపెట్టలేరు.

డైరెక్టర్‌గా సంతకం పెట్టేముందు, పరీక్ష కోసం ఎక్కించిన ఒక సర్టిఫికెట్ లావాదేవీని మీ స్నేహితుడి చేత ఎక్స్‌ప్లోరర్‌లో తెరిపించి మీ కళ్లతో చూడండి. అందులో పేరు గానీ, పుట్టిన తేదీ గానీ, ఫొటో లింకు గానీ కనిపిస్తే డిజైన్ మార్చేదాకా చేరవద్దు.