అబ్బాయి పెట్టెలో దొరికిన పొట్లాలు

ప్రశ్న: మాది గుంటూరు. పదిహేడేళ్ల మా అబ్బాయి విజయవాడలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు వాడి పెట్టెలో పేరు లేని పొడి పొట్లాలు, ‘నరాల బలహీనతకు మందు’ అన్న కరపత్రం కనబడ్డాయి. గట్టిగా అడిగితే, నిద్రలో వీర్యం పోతోందని, అందుకే చదివింది గుర్తుండటం లేదని ఏడ్చాడు. వాళ్ల నాన్నగారికి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. తల్లినై ఉండి ఇవి మాట్లాడవచ్చునా? మాట్లాడితే లేనిపోని ఆలోచనలు వస్తాయేమోనని భయం. – ఒక తల్లి

సమాధానం: అమ్మా, తప్పకుండా మాట్లాడవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అబ్బాయిని బాధిస్తున్నది జబ్బు కాదు, భయం. యుక్తవయసులో వృషణాలు వీర్యకణాలను నిరంతరం తయారుచేస్తూనే ఉంటాయి కనుక నిద్రలో వీర్యం బయటకు రావడం సహజం. దానివల్ల రక్తం తగ్గదు, నరాలు బలహీనపడవు, జ్ఞాపకశక్తి పోదు. ఎన్నో రక్తపు బొట్లు కలిస్తేనే ఒక్క వీర్యపు బొట్టు అవుతుందన్న పాత నమ్మకం మన పిల్లలను ఎంతగా పీడిస్తుందంటే, ఈ భయంతో వచ్చే నీరసానికీ దిగులుకూ మానసిక వైద్యులు డాక్టర్ ఎన్.ఎన్.విగ్ 1960లోనే ‘ధాతు సిండ్రోమ్’ అని పేరు పెట్టవలసి వచ్చింది. చదువు మీద మనసు నిలవకపోవడానికి కారణం చాలావరకు ఆ దిగులే.

ఆ పొడి వెంటనే మాన్పించండి, కానీ పారేయకండి, వైద్యుడికి చూపించాలి. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా ఆ కరపత్రం మీ వాడి చేతికి అందింది, మన మాట మాత్రం అందలేదు. ఆడపిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి పెట్టి పదిమందినీ పిలిచి వేడుక చేస్తాం గానీ నెలసరి ఎందుకు వస్తుందో ఆ పిల్లకైనా చెప్పం. మగపిల్లవాడి శరీరంలో మార్పు వచ్చిన సంగతే ఎవరూ ఎత్తరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

చెబితే చెడిపోతారన్న మీ భయం నాకు అర్థమవుతుంది. అయితే అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో వెలువరించిన మార్గదర్శకాలు, ఇటువంటి లైంగిక విద్య వల్ల పిల్లలు లైంగిక సంబంధాలకు తొందరపడరని స్పష్టంగా చెప్పాయి.

వాళ్ల నాన్నగారికి ముందుగా చెప్పి, ఇద్దరూ కలిసి, బంధువులెవరూ లేనప్పుడు మాట్లాడండి. ‘అది’, ‘ఇది’ అనకుండా వీర్యం, వృషణాలు అని అసలు పేర్లతోనే చెప్పండి. ఎదుటివారి ఇష్టం లేకుండా తాకకూడదనీ, పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారి సమ్మతి చెల్లదనీ అదే సందర్భంలో తెలియజేయండి.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం పది నుంచి పందొమ్మిదేళ్ల వారి కోసమే. దాని కింద నడిచే కిశోర ఆరోగ్య క్లినిక్ గురించి ప్రభుత్వాసుపత్రి ఓపీలో అడగండి. మూత్రంలో మంట, పుండ్లు, చీము ఉంటే చర్మ, సుఖవ్యాధుల విభాగంలో చూపించాలి. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడిని కలవండి. ఏ వేళనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలి మానస్’ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వైద్యుడి గదిలో వాడు ఒంటరిగా మాట్లాడతానంటే మీరు బయట కూర్చోండి.