గుంటూరు నుంచి కాశీకి పెద్దవాళ్లతో ఎస్‌యూవీలో: రెండు రోజుల్లో వద్దండి, నాలుగు రోజులు పెట్టుకోండి

మీరు అడిగింది ఇదీ కదా: ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, డెబ్బై దగ్గర పడుతున్న అమ్మానాన్న, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, స్టీరింగ్ పట్టేది మీరొక్కరే, నవంబర్‌లో గుంటూరు నుంచి కాశీకి రోడ్డు మీద వెళ్లాలి, రెండు రోజుల్లో చేరుకోవచ్చా, ఏ రూటు మంచిది అని. మేము విజయవాడ నుంచి 2023 నవంబర్‌లో అచ్చం ఇలాగే వెళ్లొచ్చాం, మా నాన్నకి 72, అమ్మకి షుగర్, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు, డ్రైవింగ్ నేనొక్కడినే. అందుకే మీ ప్రశ్న చదవగానే రాయకుండా ఉండలేకపోయాను.

రెండు రోజులంటే రోజుకి 750 కిలోమీటర్లు, అంటే పొద్దున నాలుగింటి నుంచి రాత్రి తొమ్మిది పది దాకా బండిలోనే. మీ బండి తట్టుకుంటుంది, మీరు కూడా పంతం పట్టి తట్టుకుంటారేమో, వెనక కూర్చున్న మీ నాన్నగారి మోకాళ్లు తట్టుకోవు. ఇంకో మాట, నవంబర్‌లో మన దగ్గరే ఐదున్నరకి పొద్దు గూకుతుంది, కాశీ వైపు ఐదుంపావుకే చీకటి పడుతుంది, అంటే మీరు వేసుకున్న లెక్కలో రోజుకి నాలుగైదు గంటలు రాత్రి డ్రైవింగే ఉంది. అక్కడే నాకు జరిగింది చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు రూటు సంగతి. మ్యాప్‌లో పెడితే మనకి ఎన్‌హెచ్ 30 చూపిస్తుంది, అది మన ఇబ్రహీంపట్నం దగ్గరే మొదలై తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం, కోంటా, సుక్మా, జగదల్‌పూర్, రాయ్‌పూర్, జబల్‌పూర్ మీదుగా నేరుగా ప్రయాగ్‌రాజ్ పోతుంది. ఒకటే హైవే కాబట్టి నేనూ మొదట దానికే మొగ్గాను. మా నాన్న స్నేహితుడు ఒకాయన ఆటోనగర్‌లో ఉంటాడు, చాలా ఏళ్లు లారీ నడిపాడు, ఆయన ఒక్కటే అడిగాడు: దారిలో మీ అమ్మకి ఒంట్లో బాగోకపోతే ఏ ఊళ్లో ఆపుతావు అని. భద్రాచలం దాటాక జగదల్‌పూర్ దాకా చాలాసేపు అడవే, ఘాట్ రోడ్లు ఉన్నాయి, ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, పెద్ద ఆస్పత్రి దూరం. కుర్రాళ్లు వెళ్తే అది అందమైన దారి, కాదనను. పెద్దవాళ్లుంటే మాత్రం హైదరాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా మీదుగా వెళ్లండి, విజయవాడ నుంచి దాదాపు 1500 కిలోమీటర్లు వస్తుంది. ఇది పాత ఏడో నంబరు హైవే దారే, కాశీ నుంచి కన్యాకుమారి దాకా ఉండేది, 2010లో నంబర్లు మార్చాక అందులో ఎక్కువ భాగం ఎన్‌హెచ్ 44లో కలిసింది. మీరు గుంటూరు కాబట్టి విజయవాడ రానక్కర్లేదు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా వెళ్లి నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్ హైవే ఎక్కేయొచ్చు. హైదరాబాద్ ఊళ్లోకి మాత్రం అస్సలు దూరకండి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి మేడ్చల్ వైపు దిగండి.

ఇప్పుడు బండి. మేము బయల్దేరే ముందు రోజు సాయంత్రం సర్వీస్ చేయించాను, చాలామంది చేసే తప్పే అది. టైర్లు ముందువి వెనక్కి వెనకవి ముందుకి మార్చారు, అలైన్‌మెంట్ చేశారు, కడిగి తళతళలాడించి ఇచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం, కీసర టోల్ దాటాక వెనక ఎక్కడో చిన్న అదురు మొదలైంది, లగేజీ కదులుతోందిలే అనుకున్నాను, చిల్లకల్లు టోల్ దాటేసరికి ఎక్కువైంది, సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు పక్కనే పంక్చర్ షాపు ఉంటే చూడమన్నాను. ఆ కుర్రాడు స్పానర్ కూడా పెట్టలేదండి, వెనక ఎడమ చక్రానికి రెండు నట్లు చేత్తోనే తిరిగాయి. అందులో నా పిల్లలు కూర్చుని ఉన్నారు. ఇప్పటికీ ఆ చెయ్యి నట్టు తిప్పడం కళ్ల ముందు కనపడుతుంది. ఆ కుర్రాడు అన్నీ బిగించి ఇరవై రూపాయలు అడిగాడు, నేను ఐదొందలు ఇస్తే పుచ్చుకోలేదు. చక్రం విప్పి బిగించాక వంద కిలోమీటర్ల లోపు మళ్లీ ఒకసారి నట్లు బిగించి చూసుకోవాలట, నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాబట్టి సర్వీస్ రెండు వారాల ముందే చేయించండి, తర్వాత ఫుల్ లోడుతో ఒకసారి శ్రీశైలం దాకా వెళ్లిరండి, ఏ తేడా ఉన్నా మన భాష తెలిసిన చోటే బయటపడుతుంది.

టైర్ల గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, చాలా బళ్లకి అందులో మామూలు లోడుకి ఒక గాలి, ఫుల్ లోడుకి ఒక గాలి రాసి ఉంటుంది. ఏడుగురికి సరిపడా సామాను ఎక్కించి రోజూ పట్టే గాలితోనే వెళ్తే టైరు గోడలు ఎక్కువ వంగుతాయి, వంగినకొద్దీ వేడెక్కుతాయి, సిమెంట్ రోడ్డు మీద గంటల తరబడి అలా పోతే పగిలేది అందుకే. గాలి పొద్దున బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, నూట యాభై కిలోమీటర్లు నడిచాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తగ్గించకండి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. బటన్ (టైరు మీది గాట్లు) ఎంత బాగున్నా ఆరేళ్లు దాటిన టైరుతో ఈ ప్రయాణం పెట్టుకోకండి. స్టెప్నీలో కూడా గాలి చూడండి, అది అందరం మర్చిపోతాం.

లగేజీకి మూడో వరస సీట్లు వేశాక డిక్కీలో రెండు బ్యాగులకి మించి పట్టవు, పైన క్యారియర్ పెట్టక తప్పదు. దుప్పట్లు, బట్టలు లాంటి తేలికవి పైకి, బియ్యం మూట, నీళ్ల క్యాన్లు కిందకి. ఎత్తైన బండి నెత్తిన బరువు పెడితే మలుపుల్లో ఒరుగుతుంది, సడన్‌గా తిప్పితే ఇంకా ప్రమాదం. వెనక బరువు పడితే ముక్కు పైకి లేచి లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లో కొడతాయి, స్టీరింగ్ దగ్గర లైటు ఎత్తు తగ్గించే చిన్న చక్రం ఉంటుంది, అది తిప్పుకోండి. పెద్దవాళ్లని మధ్య వరసలోనే కూర్చోబెట్టండి, వెనక కూర్చున్నా సరే అందరికీ బెల్టులు. మా అమ్మ మొదట్లో పొట్ట దగ్గర బిగుతుగా ఉందని తీసేసేది, ఒక పల్చటి తువ్వాలు మడిచి పెడితే సర్దుకుంది.

అసలు విషయానికి వస్తాను. మొదటి రోజు ఆదిలాబాద్‌లో ఆగాం, దాదాపు 580 కిలోమీటర్లు, బాగానే అయింది. రెండో రోజు జబల్‌పూర్ చేరాలి, 470 కిలోమీటర్లే కదా అని తాపీగా బయల్దేరాను, నాగ్‌పూర్‌లో అమ్మకి భోజనం కుదరక మూడు హోటళ్లు తిరిగాం, పిల్లాడికి వాంతి అయింది, నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవి దగ్గర హైవేని పైకి లేపి కింద నుంచి జంతువులు దాటేలా కట్టారు, రెండు పక్కలా చప్పుడూ వెలుగూ అడవిలోకి పోకుండా ఎత్తుగా గోడలు, పిల్లలకి చూపించాలని అక్కడ మెల్లగా నడిపాను. అలా సివనీ దాటేసరికే చీకటి పడిపోయింది. అక్కడే రూమ్ తీసుకోవాల్సింది. జబల్‌పూర్‌లో రూమ్‌కి డబ్బు కట్టేశాను, 140 కిలోమీటర్లే కదా అని పోనిచ్చాను.

లఖ్‌నాదౌన్ దగ్గర 44 వదిలి కుడివైపు జబల్‌పూర్ రోడ్డు ఎక్కాం. రోడ్డు ఖాళీ, బండి వెచ్చగా, అందరూ నిద్రలో ఉన్నారు, నాకు నిద్ర వస్తున్నట్టు కూడా తెలియలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి. అప్పుడు వెనక నుంచి నాన్న, పెద్దగా కూడా కాదు, "ఒరేయ్, ముందు లారీ ఆగుంది రా" అన్నాడు. లైట్లు లేవు, వెనక రిఫ్లెక్టర్ లేదు, రోడ్డు మీద నాలుగు చెట్టు కొమ్మలు పడేసి ఉన్నాయి అంతే. నేను చూడలేదు. నాన్నకి ఒక కంటికి అప్పటికే శుక్లం ఆపరేషన్ అయింది, ఆయన చూశాడు, నేను చూడలేదు. బ్రేక్ తొక్కితే ఏడుగురికి సరిపడా లోడుతో ఉన్న బండి అంత తొందరగా ఆగదండి, పక్కకి కోసి మట్టిలోకి దిగి ఆగాం. ఎత్తు మీద కూర్చుంటాం, చప్పుడు లోపలికి రాదు, వందలో పోతున్నా డెబ్బైలో పోతున్నట్టుంటుంది, ఎస్‌యూవీలో అదే మోసం. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. నాన్న దిగి వచ్చి నా పక్క సీట్లో కూర్చుని జబల్‌పూర్ దాకా నన్ను నలభై దాటనివ్వలేదు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఒకటే రూలు, సాయంత్రం ఐదింటికి ఎక్కడుంటే ఆ ఊళ్లోనే ఆగడం, రూమ్ డబ్బులు పోతే పోనీ. అందుకే ముందే కట్టేసే రూమ్‌లు తీసుకోకండి, క్యాన్సిల్ చేసుకునేవి తీసుకోండి. మూడో రోజు జబల్‌పూర్‌లోనే ఉండిపోయాం, భేడాఘాట్ వెళ్లి నర్మద మీద ధూఁఆధార్ జలపాతం చూశాం, అమ్మ అరగంట అలా నిలబడిపోయింది, అది ప్లాన్‌లో లేనే లేదు. నాలుగో రోజు పొద్దున వెలుగొచ్చాక బయల్దేరి కట్నీ, మైహర్, రీవా మీదుగా ప్రయాగ్‌రాజ్ చేరాం. మైహర్‌లో శారదాదేవి గుడి కొండ మీద, వెయ్యికి పైగా మెట్లు ఉన్నాయి, పెద్దవాళ్లకి రోప్‌వే ఉంది. ప్రయాగ్‌రాజ్‌లో రాత్రి ఉండి, పొద్దున సంగమం చూసుకుని కాశీకి వెళ్లాం, అక్కడి నుంచి వెడల్పు హైవే, 120 కిలోమీటర్ల పైచిలుకు. జబల్‌పూర్‌లో ఆగిన రోజు తీసేస్తే దారికి నాలుగు రోజులు.

పెద్దవాళ్ల సంగతి చెప్పాలంటే, రెండు గంటలకి ఒకసారి దింపి పది నిమిషాలు నడిపించండి, నిద్రపోతున్నా లేపండి, కాళ్లు వేలాడేసి గంటల కొద్దీ కూర్చుంటే వాపులే కాదు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని అమ్మ నీళ్లు తాగడం మానేసింది, ఈ సంగతి నాకు రెండో రోజు తెలిసింది, మీ అమ్మగారిని ముందే గమనించండి. పెద్ద పెట్రోల్ బంకుల్లో బాత్రూమ్‌లు చూసి బాగున్నచోట అవసరం లేకపోయినా ఆపండి. ఇన్సులిన్ ఉంటే డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టొద్దు, మధ్యలో చల్లటి సంచీలో ఉంచండి. తిండికి నాగ్‌పూర్ దాటాక మన అన్నం, పెరుగు తేలిగ్గా దొరకవు, మేము చిన్న కరెంట్ కుక్కరు, కందిపొడి, గోంగూర పచ్చడి పట్టుకెళ్లాం, రాత్రి రూమ్‌లో అన్నం వండుకున్నాం, అమ్మ మొహం ఆ పూటే తేటపడింది.

డీజిల్ మన రాష్ట్రంలోనే బాగా ఎక్కువ, యూపీలో తక్కువ, ఆ లెక్కలో నింపుకోండి, యాడ్‌బ్లూ (డీజిల్ పొగని శుభ్రం చేసే ద్రవం) పోయాల్సిన బండి అయితే ఒక డబ్బా వెంట ఉండాలి. ఫాస్టాగ్ కేవైసీ ఇంటి దగ్గరే చూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది పాస్ ఇస్తున్నారు, మొదలైనప్పుడు 3000 రూపాయలు, 200 టోల్‌లు లేదా ఏడాది, జాతీయ రహదారులకే చెల్లుతుంది, ఓఆర్ఆర్‌కి చెల్లదు, రానూపోనూ లెక్క వేస్తే మీకు లాభమే. హైవే మీద ఏదైనా అయితే 1033కి ఫోన్ చేయండి, ఈ నంబరు మీ నాన్నగారి ఫోన్‌లో కూడా వేసి పెట్టండి. డిసెంబర్, జనవరికి వాయిదా వేయకండి, రీవా దాటాక పొద్దున పొగమంచు కమ్మేస్తుంది.

కాశీలో బండి రూమ్ దగ్గర పెట్టేసి మర్చిపోండి, గొదౌలియా వైపు గల్లీల్లో ఎస్‌యూవీ తిరగదు, ఆటోలే దిక్కు. మనవాళ్లు ఎక్కువ దిగేది మానసరోవర్, కేదార్ ఘాట్ పక్కన, ఆంధ్రాశ్రమం కూడా అక్కడే, గుమ్మం దాకా బండి పోదు కాబట్టి పెద్దవాళ్లు నడవగలరో లేదో చూసుకుని అక్కడ రూమ్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు గంగ చెంబులు ఎన్ని కొంటారో మీకే తెలుస్తుంది, మా అమ్మ బంధువులందరికీ కలిపి ఇరవై రెండు కొంది. వాటిని క్యారియర్ మీదకి ఎక్కించకండి, ఎండకి సీలు వదిలేస్తుంది, మూడో వరస కాళ్ల దగ్గర నిలబెట్టి చుట్టూ దుప్పట్లు కుక్కండి. మావి ఒక్క చుక్క కారకుండా విజయవాడ చేరాయి.