నాన్న చేతిలో గాలం, చట్టంలో ‘టేక్’ అనే మాట

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. వచ్చే నెల నరసాపురం నుంచి మీ మామయ్యగారు ఫ్రీమాంట్ వస్తున్నారు. ఆయనకు గాలం వేయడమంటే ప్రాణం. కాలిఫోర్నియా నిబంధనల పుస్తకం తెరిస్తే ‘టేక్’, ‘పొసెషన్’, ‘క్లోజ్లీ అటెండెడ్’, ‘పబ్లిక్ పియర్’ అంటూ మాటలు ఎదురై అయోమయంలో పడ్డారు. ఆయన సరదాకు కాసేపు గాలం కర్ర పట్టుకుంటే లైసెన్సు కావాలా? పట్టిన చేపను వదిలేస్తే అక్కర్లేదా? పియర్ (ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన వంతెన లాంటి కట్టడం) మీద ఎవరికీ లైసెన్సు అవసరం లేదంటున్నారు, నిజమేనా? అని అడిగారు.

కర్ర పట్టుకుంటే లైసెన్సు కావాలి. చేపను వదిలేసినా కావాలి. అసలు చేపే పడకపోయినా కావాలి. ఇది నేను లివర్మోర్ దగ్గర డెల్ వాలే సరస్సు ఒడ్డున, మా నాన్న పక్కన నిలబడి నేర్చుకున్న పాఠం.

నాన్నది కోనసీమ. బడిపంతులుగా పనిచేసినన్నాళ్లూ సెలవు రోజుల్లో కాలువ గట్టునే గడిపిన మనిషి. ఆ శనివారం తెల్లవారుజామునే లేచి, ఇక్కడ తౌడు దొరకలేదని అన్నం, మైదా, బెల్లం కలిపి నిమ్మకాయంత ఉండలు చుట్టారు. సరస్సు దగ్గర ఆ ఉండలను ఒక్కొక్కటిగా ఒకేచోట నీళ్లలోకి విసిరి, చేపలు చేరేదాకా ఆగి, అప్పుడు గాలం వేశారు. శీలావతులకు, బొచ్చెలకు ఊళ్లో అందరూ చేసే పనే అది. నాకు రాష్ట్ర లైసెన్సు ఉంది. ఆ సరస్సుకు విడిగా తీసుకోవలసిన రోజువారీ పర్మిట్టూ ఉంది. నాన్నకు ఏదీ తీసుకోలేదు. నా పక్కనే కూర్చుంటారు, నా రెండో కర్రే కదా పట్టుకునేది అనుకున్నాను.

రెండు గంటలైనా బెండు కదలలేదు. అప్పుడొచ్చారు వార్డెన్, చేపల వేట నియమాలను తనిఖీ చేసే అధికారి. మర్యాదగానే మాట్లాడారు. ఇద్దరి లైసెన్సులూ చూపించమన్నారు. నాది చూపించి, “ఆయన ఒక్క చేపను కూడా పట్టలేదండీ” అన్నాను. ఆయన చిన్న పుస్తకం తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టారు. కాలిఫోర్నియా ‘ఫిష్ అండ్ గేమ్’ చట్టంలో 86వ సెక్షన్ అది. ‘టేక్’ అంటే వేటాడటం, వెంటాడటం, పట్టుకోవడం, బంధించడం, చంపడం, లేదా వీటిలో దేనికైనా ప్రయత్నించడం. ఆ చివరి మాట దగ్గర వేలు ఆగింది. ప్రయత్నించడం.

మనం “చేపను పట్టాడు” అంటే చేప చేతికి వచ్చిందనే అర్థం. చేప రాకపోతే ఏమీ జరగనట్టే. ఈ చట్టంలో అలా కాదు. ఎర గుచ్చిన గాలం నీళ్లలో పడిన క్షణానే ‘టేక్’ జరిగిపోయింది. పట్టి వదిలేయడం కూడా ఇందులోకే వస్తుంది. ఎందుకంటే వదిలేయాలంటే ముందు పట్టాలి కదా. పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు కావాలన్న నియమం ఈ మాట మీదే నిలబడి ఉంది. కర్ర ఎవరిది, లైసెన్సున్న మనిషి పక్కనే ఉన్నాడా అన్నది ఎవరూ చూడరు. గాలం ఎవరు వేశారన్నదే చూస్తారు.

తర్వాత వార్డెన్ చూపు గిన్నెలో మిగిలిన ఉండల మీద పడింది. దానికీ ఒక మాట ఉంది, ‘చమ్మింగ్’. చేపలను ఒకచోటికి రప్పించి పట్టడం కోసం, గాలానికి గుచ్చినది కాకుండా నీళ్లలో వేసే ఏ పదార్థమైనా చమ్మింగే. పేరు పెట్టి మినహాయించిన కొన్ని చోట్ల తప్ప మంచినీటి జలాల్లో అది నిషిద్ధం. ఆ ఉండల సంగతి హెచ్చరికతో సరిపెట్టారు. లైసెన్సు లేనందుకు మాత్రం నాన్న పేరు మీద జరిమానా చీటీ రాశారు. దారి పొడవునా నాన్న మాట్లాడలేదు. ఇల్లు చేరాక, “నీళ్లలో అన్నం ముద్ద వేసినా తప్పేనా నాయనా?” అని ఒక్క మాట అడిగారు. జీవితంలో ఎన్నడూ చట్టం ముందు తలవంచవలసి రాని మనిషి చేత ఆ మాట అనిపించింది నా నిర్లక్ష్యమే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మామయ్యగారికి ఆ పరిస్థితి రాకూడదు.

ఇక ‘చేప’ అన్న మాట. మనకు చేప వేరు, రొయ్య వేరు, పీత వేరు. అదే చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం ‘ఫిష్’ అంటే చేపలతో పాటు నత్తజాతి జీవులు, పీతలు, రొయ్యలు, వెన్నెముక లేని ఇతర ప్రాణులు, కప్పల వంటి ఉభయచరాలు, వాటి గుడ్లు కూడా. కాబట్టి “మేం చేపలకు రాలేదు, పీతలకు వచ్చాం” అన్న జవాబు చెల్లదు. ఈ నిర్వచనం ఎంత దూరం వెళ్లిందంటే, 2022లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఒకటి నాలుగు రకాల బంబుల్ బీలను (తేనెటీగలకు దగ్గరి కీటకాలివి) ఈ మాట కింద అంతరించే జీవుల చట్టంలో చేర్చవచ్చని తీర్పిచ్చింది. వెన్నెముక లేని ప్రాణులన్న మాట అక్కడ ఉంది కాబట్టి. చదివినప్పుడు ఆశ్చర్యపోయాను కానీ, చట్టంలో మాటకు నిఘంటువు అర్థంతో పని లేదని నాకు పూర్తిగా అర్థమైంది ఆ తీర్పుతోనే.

‘యాంగ్లింగ్’ నిర్వచనంలో రెండు షరతులున్నాయి. గాలం తాడో కర్రో చేతిలో ఉండాలి, లేదా దగ్గరే ఉండి కనిపెట్టుకోవాలి. మీరు అడిగిన ‘క్లోజ్లీ అటెండెడ్’ ఇదే. కర్రను రాళ్ల మధ్య నిలబెట్టి టీ ఫ్లాస్కు కోసం కారు దాకా వెళ్లకండి. రెండోది, చేప తనంతట తానే ఎరను నోటితో అందుకోవాలి. సరస్సులు, నదుల్లో గాలం పొట్టకో తోకకో గుచ్చుకుని వచ్చిన చేపను ఉంచుకోకూడదు, నీళ్లలోకే వదిలేయాలి. అన్నట్టు, అక్కడ మనిషికి ఒక్క కర్రే. రెండోది వేయాలంటే రుసుము కట్టి విడిగా అనుమతి తీసుకోవాలి.

పియర్ విషయంలో మీరు విన్నది సగం నిజం. పబ్లిక్ పియర్ మీద నుంచి సముద్రంలో గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. అయితే ఆ ‘పబ్లిక్ పియర్’కు కొలతలున్నాయి. అది ప్రభుత్వానిది అయి ఉండాలి. తీరానికి కలిసి ఉండాలి. ఎవరైనా ఉచితంగా, అడ్డు లేకుండా వెళ్లగలగాలి. సముద్ర జలాల్లో గాలం వేసుకునేందుకే ముఖ్యంగా కట్టిందో, ఇప్పుడు అందుకే వాడుతున్నదో అయి ఉండాలి. రేవుకు సముద్రం వైపు హద్దుగా నిలిచే కొన్ని రాతిగోడలూ ఇందులోకి వస్తాయి. పసిఫికాలోని మునిసిపల్ పియర్ ఇలాంటిదే. సరస్సులో గాలం వేసేవారి కోసం కట్టిన చెక్క వంతెనను కూడా పియర్ అనే పిలుస్తారు కానీ, అది సముద్రం కాదు కనుక లైసెన్సు తప్పదు. పియర్ మెట్లు దిగి పక్కనున్న ఇసుకలో నిలబడి గాలం వేసినా తప్పదు. లైసెన్సు ఒక్కటే మినహాయింపు, మిగతా నియమాలన్నీ పియర్ మీదా వర్తిస్తాయి. అక్కడ మనిషికి రెండు కర్రలకు మించకూడదు.

‘బ్యాగ్ లిమిట్’ ఒక రోజులో పట్టుకోగల సంఖ్య. ‘పొసెషన్’ అంటే మీ దగ్గర ఉన్న మొత్తం, ఇంట్లో ఫ్రీజరుతో సహా. తాజాగా ఉన్నా, గడ్డకట్టినా, మరోలా నిల్వ చేసినా లెక్కలోకి వస్తుందని నియమంలోనే ఉంది. అంటే ఎండబెట్టినవీ అంతే, పచ్చడి పెట్టి జాడీలో దాచినవీ అంతే. సరస్సుల్లో ట్రౌట్ చేపలకు రోజుకు 5, దగ్గర ఉంచుకోవడానికి 10. ఫ్రీజరులో ఎనిమిది ఉంటే మర్నాడు మీరు తెచ్చుకోగలిగింది రెండే. విడిగా చెప్పని రకాలకు ఒక రోజు పరిమితే మొత్తం పరిమితి. ఒడ్డున ఎవరి లెక్క వారిదే. మీ సంఖ్య పూర్తయ్యాక మామయ్యగారి వాటా కోసమంటూ మీరు గాలం వేయకూడదు.

కొలత గురించి ఒక్క మాట. మామయ్యగారు కూడా మా నాన్నలాగే జానతో కొలుస్తారేమో, ఒక టేపు తీసుకెళ్లండి. చేపను పక్కకు పడుకోబెట్టి, నోరు మూసి, మూతి కొస నుంచి తోకలో పొడవైన పాయ చివరిదాకా తిన్నగా కొలవాలి. టేపును పొట్ట వంపు మీదుగా లాగితే పొడవు ఎక్కువ వస్తుంది, ఆ కొలత చెల్లదు. కాలిఫోర్నియా హాలిబట్ అనే చేప ఇలా కనీసం 22 అంగుళాలు ఉండాలి. డంజనెస్ పీత అయితే డిప్ప అడ్డంగా 5¾ అంగుళాలు, అదీ పక్క ముళ్లను వదిలేసి వాటికి కాస్త ముందుగా కొలవాలి. చిన్నదైతే వెంటనే నీళ్లలోకి వదలాలి. బకెట్లో వేసి తీరిగ్గా కొలుద్దామనుకోకండి. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం లోపల డంజనెస్ ఎంత పెద్దదైనా ఉంచుకోవడానికి వీల్లేదు.

మీరు ముందుగా చేయవలసింది, ఆయన పేరు మీద ఒక రోజు లైసెన్సు తీసుకోవడం. సందర్శకులకూ ఇస్తారు. ఏడాదిలో రెండు ‘ఫ్రీ ఫిషింగ్ డే’లు ఉంటాయి, సాధారణంగా జూలై 4 దగ్గర ఒక శనివారం, సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే దగ్గర మరో శనివారం. ప్రయాణం ఆ రోజులకు కలిసొస్తే లైసెన్సు లేకుండానే సరస్సుకు వెళ్లవచ్చు. లేదంటే మొదటి వారం పసిఫికా పియర్‌కే తీసుకెళ్లండి. తుపానులకు దెబ్బతిని అప్పుడప్పుడు మూసేస్తుంటారు, తెరిచి ఉందో లేదో చూసుకుని బయలుదేరండి. గాలి చాలా చల్లగా ఉంటుంది, ఆయనకు మంకీ క్యాప్ మరిచిపోకండి.

మా నాన్న మరుసటి ఏడాది మళ్లీ వచ్చారు. విమానం దిగిన రెండో రోజే ఆయన చేత లైసెన్సు మీద సంతకం పెట్టించాను. డెల్ వాలేకే వెళ్లాం. ఈసారి ఉండలు చుట్టలేదు. వానపాములతో మూడు ట్రౌట్లు పట్టి, టేపు అవసరం లేకపోయినా మూడింటినీ కొలిచి, నిబంధనల పుస్తకం వెనక పేజీలో పెన్సిలుతో రాసుకున్నారు.