పెళ్ళి నిర్వచనం మీద అమెరికా రాష్ట్రాలు ఓటింగు పెట్టినప్పుడు మధ్యేవాదులు ఎటు నిలబడ్డారు?

నా సంగతైతే, ఎటూ నిలబడలేదు. అది తప్పని పన్నెండేళ్ళు దాటాక కూడా అనిపిస్తోంది కాబట్టే రాస్తున్నాను.

మేముండేది నార్త్ కరోలినా రాష్ట్రంలో, కేరీ అనే ఊళ్ళో. 2012 మే 8న ఇక్కడ ప్రైమరీ ఎన్నికలతో (పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునేవి) పాటే రాష్ట్ర రాజ్యాంగానికి ఒక సవరణ కూడా ఓటుకి పెట్టారు. సిటిజన్‌షిప్ వచ్చాక నాకదే మొదటి ఓటు. పొద్దున్నే తలస్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళాను. ఏ పార్టీలోనూ పేరు రాయించుకోలేదు, అప్పుడూ ఇప్పుడూ.

సవరణ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఒక మగ, ఒక ఆడ చేసుకునే పెళ్ళి తప్ప ఈ రాష్ట్రంలో ఇంకే గృహబంధమూ చెల్లదు, గుర్తింపు ఉండదు అని దాని సారాంశం. ఇద్దరు ఆడవాళ్ళదో ఇద్దరు మగవాళ్ళదో పెళ్ళి అంటే నాకప్పట్లో మనసొప్పేది కాదు. అలాగని వాళ్ళ ఇన్సూరెన్సులూ ఆస్తి హక్కులూ లాగేసుకోవాలనీ లేదు. పెళ్ళి అన్న పేరు వద్దు, హక్కులు మాత్రం ఇవ్వండి, ఇదీ నా మధ్యేమార్గం. అనుకూలం, వ్యతిరేకం రెండూ వదిలేసి, మిగతావి నింపి, ఓటేశానని చెప్పే స్టిక్కరు అంటించుకుని వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు బ్రేక్ రూములో టీ పెట్టుకుంటున్నాను. మా టీములో ఒకావిడ ఫ్రిజ్ తలుపు తీసి నిలబడింది. ఆ తలుపు అరలో నా పెరుగు డబ్బా పక్కనే ఆవిడ ఇన్సులిన్ పెన్నుల పెట్టె ఉంటుంది. రెండేళ్ళుగా రోజూ చూస్తున్నదే. "నిన్న ఓటేశావటగా" అంది. వేశానన్నాను. "దానికి?" అంది. "ఖాళీగా వదిలేశా, నేను మధ్యలో ఉండేవాణ్ణి" అన్నాను. నిజంగా మర్యాదైన మాటే అన్నాననుకున్నాను.

ఆవిడ పెట్టె చేతిలోకి తీసుకుని, తెరవకుండా అలాగే పట్టుకుంది. "ఇవి తన ఇన్సూరెన్స్ మీద వస్తాయి" అంది. ఆవిడ కాంట్రాక్టు మీద పనిచేసేది, మా కంపెనీ ఇన్సూరెన్స్ లేదు. ఆవిడ భాగస్వామి దగ్గర్లోని ఒక ఊరి మునిసిపాలిటీలో ఉద్యోగి. పెళ్ళి కాకపోయినా కలిసి బతుకుతున్న తోడుకి ఇన్సూరెన్స్ ఇచ్చే ఊళ్ళు ఇక్కడ కొన్ని ఉండేవి. సవరణ గెలిచాక అవి ఉంటాయా పోతాయా అన్నదాని మీద లాయర్లే ఒక మాట మీద లేరు. గోడ మీద టీవీలో ఒబామా, స్వలింగ జంటలు పెళ్ళి చేసుకోగలగాలి అని అధ్యక్షుడయ్యాక మొదటిసారి చెబుతున్నాడు. ఆవిడ అటు చూడనైనా లేదు. పెట్టె మళ్ళీ లోపల పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కూర్చుని ఆ సవరణ వాక్యం సరిగ్గా చదివాను. ఒకే లింగం వాళ్ళ పెళ్ళిని మా రాష్ట్రం 1996లోనే చట్టం చేసి ఆపేసింది. మరి సవరణతో కొత్తగా మూసిందేంటి? పెళ్ళి పేరు లేకుండా హక్కులిచ్చే దారి, అంటే నేను నిలబడ్డాననుకున్న చోటే. "హక్కులిస్తే చాలు" అనే మధ్యేవాదులు ఇక్కడ బోలెడుమంది. ఆ హక్కులు కూడా పోతాయని తెలిస్తే వాళ్ళలో చాలామంది వద్దనేవాళ్ళని నా గట్టి నమ్మకం. తెలియలేదు. 61 శాతంతో గెలిచింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది; మా వేక్ కౌంటీ సహా వద్దన్నవి ఎనిమిదే. అప్పటి రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్ థామ్ టిల్లిస్, సవరణ పెట్టినవాళ్ళలో ఒకడు, ఇరవై ఏళ్ళలో ఇది రద్దయిపోతుందని ఓటింగుకి ముందే కాలేజీ పిల్లలతో అన్నాడు. ఇరవై ఏళ్ళు కూడా నిలవదనుకున్నదాన్ని రాజ్యాంగంలో ఎందుకు రాసినట్టు?

మనవాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. గుడిలో ప్రసాదం లైన్లో ఈ మాటెత్తితే "మనకెందుకండీ, వాళ్ళ గొడవ" అనేవాళ్ళే అందరూ. కొత్త సినిమా ప్రీమియర్‌కి రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్తాం, ప్రైమరీలో ఓటెయ్యడానికి తీరిక దొరకదు. తెల్లవాళ్ళు నల్లజాతివాళ్ళని పెళ్ళాడకూడదని ఇదే రాష్ట్రం 1875లో తన అప్పటి రాజ్యాంగంలో రాసుకుంది. ఎవరు ఎవరిని చేసుకోవాలో రాజ్యాంగంలో రాస్తుంటే అది మన గొడవ కాకుండా ఎలా పోతుంది?

మా బావగారు మిన్నెసోటాలో ఉంటారు. అదే ఏడాది నవంబరులో అక్కడా ఇలాంటి సవరణే వచ్చింది, ఆయనా నాలాగే ఖాళీగా వదిలేశారు. కానీ అక్కడ సవరణ గెలవాలంటే ఆ రోజు ఓటెయ్యడానికి వచ్చినవాళ్ళందరిలో సగానికి పైగా అవునని గుర్తు పెట్టాలి. ఖాళీగా వదిలితే వద్దన్నట్టే లెక్క. అనుకూలంగా 47 శాతం చిల్లర వచ్చి అది ఓడిపోయింది. ఆయనకా లెక్క ముందే తెలుసు. మా దగ్గర ఖాళీని ఎటూ లెక్కపెట్టరు.

2014 అక్టోబరు 10న ఫెడరల్ కోర్టు మా సవరణని కొట్టేసింది. మరుసటి వారం వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. నన్నూ పిలిచారు, వెళ్ళాను. కానీ చెల్లకపోయినా ఆ వాక్యం రాష్ట్ర రాజ్యాంగం 14వ అధికరణం, 6వ సెక్షన్‌లో ఇప్పటికీ అలాగే ఉంది. నెవాడా వాళ్ళు 2020లో, కొలరాడో, కాలిఫోర్నియా వాళ్ళు 2024లో ఓటేసి తమ రాజ్యాంగాల్లోంచి అలాంటివి తీసేశారు. మా దగ్గర ఆ ఓటింగు ఇంకా రాలేదు. వస్తే, ఆ వాక్యం పెద్దక్షరాల్లో ప్రింటు తీసుకుని మా వీధిలో ప్రతి తెలుగింటి తలుపూ తడతాను.