గట్టు చూసేదాకా ఆగు తల్లీ

తల్లీ,

సరస్సు పక్కన కుంట తవ్వి కొత్త రకం చేపలు పెంచబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చిన్నప్పుడు నీళ్లంటేనే భయపడేదానివి. ఎంత సంబరపడ్డానో! ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అనుమతి ముందే తీసుకో. చేపపిల్లల్ని నమ్మకమైన చోటే కొను. సంచిలో నీళ్లు కుంట నీళ్ల వేడికి వచ్చాకే వదులు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. నీ వయసులో నేనూ చెరువు పక్కన కుంట తవ్వి మొజాంబిక్ తిలాపియా వేశాను. గట్టు ఇంకో అడుగు పెంచమని మీ తాతయ్య అన్నారు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను. ఆ వానాకాలం ఒక్క రాత్రి వానకి కుంట పొంగి చెరువులో కలిసిపోయింది. ఆ చేప తన గుడ్లనీ పిల్లల్నీ నోట్లో దాచుకుని కాపాడుకుంటుంది, ఏడాదిలో చాలాసార్లు పిల్లలు చేస్తుంది. మూడేళ్లకి వల నిండా అవే. గుంపు పెరిగితే ఎదగవు కాబట్టి ఒక్కటీ అరచేతిని మించలేదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే అడుగంతా మగ చేపలు తవ్విన పళ్లేల్లాంటి గుంటలు. తాతయ్య పట్టే చిన్న చేపలు ఒక్కొక్కటే వలలో పడటం మానేశాయి. ఏడాదంతా తిలాపియా కోసమే వల వేశాను, తగ్గలేదు. తాతయ్య ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

పనామాలోని గాటూన్ సరస్సు గురించి తర్వాతెప్పుడో చదివితే చేతులు వణికాయి. అక్కడా 1960ల చివర్లో పీకాక్ బాస్ అనే వేటచేప ఒక కుంటలోంచే తప్పించుకుంది. కొన్నేళ్లకే అక్కడి మామూలు చేపల్లో చాలా రకాలు కనబడకుండా పోయాయి. దోమల లార్వాలను తినే చిన్న చేపలూ అందులో ఉన్నాయి.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో నైల్ పెర్చ్ అనే పెద్ద వేటచేప వల్ల ఎంత వ్యాపారం పెరిగిందో నీకు ఎవరో చెప్పే ఉంటారు. నిజమే, పెరిగింది. కానీ 1950ల్లో వదిలిన చేప 1980ల్లో గానీ విజృంభించలేదు. ఆ తర్వాత, ఇంకెక్కడా లేని సిక్లిడ్ చేపలు దాదాపు 200 రకాలు పోయాయని అంచనా. నా టెన్షన్ అంతా ఆ మధ్య ఏళ్ల గురించే. "రెండేళ్లు చూశాం కదా మావయ్యా, ఏమీ కాలేదు" అని నువ్వంటావేమోనని.

ముందు సరస్సులో ఏయే చేపలున్నాయో వల వేసి చూసి రాసుకో. వాటిలోనే పెంచదగ్గది వెతుకు. నేను గట్టు చూసేదాకా ఒక్క పిల్లనీ వదలకు. కోప్పడుతున్నాననుకోకు, నువ్వు నాలా రాత్రులు మేలుకోకూడదని. మోకాళ్లు నొప్పైనా ఆదివారం బయలుదేరుతున్నాను. ఆ పాత వల కూడా తెస్తాను.

నీ మావయ్య