నాని చకోన్ నవాహో చిత్రకారిణా, చికానా చిత్రకారిణా?

ప్రశ్న వేసినవారు రెండు సంగతులు కలిపి అడిగారు. గోడ బొమ్మలు వేసే అమెరికన్ చిత్రకారిణి నాని చకోన్‌ను నవాహో (అమెరికా నైరుతి ప్రాంతపు ఆదివాసి తెగ) చిత్రకారిణి అనాలా, చికానా (మెక్సికన్ మూలాలున్న అమెరికన్ స్త్రీ; ఆ సమాజాన్ని చికానో అంటారు) చిత్రకారిణి అనాలా అన్నది మొదటిది. కాన్వాసు మీది బొమ్మకన్నా పెద్దది కావడం తప్ప గోడ బొమ్మలో ప్రత్యేకత ఏముంది అన్నది రెండవది. నేను కళావిమర్శకుణ్ణి కాను, న్యూ మెక్సికోలోని రియో రాంచోలో చిప్‌ల తయారీ రంగంలో పనిచేసే ఇంజనీరును. ఆమె పెరిగిన ఊళ్లలో ఒకటైన కొరాలెస్ మా పొరుగూరే కావడం, ఒక వేసవిలో నేను ఆల్బుకర్కీలో ఒక వీధి గోడకు రంగులు వేయడానికి స్వచ్ఛందంగా వెళ్లడం వల్ల నాకు తోచిన సమాధానం రాస్తున్నాను. ఆ గోడకూ ఆమెకూ సంబంధం లేదని ముందే చెబుతున్నాను.

మన ఇళ్లలో నాని అంటే మగపిల్లవాడి ముద్దుపేరు. ఈమె పూర్తి పేరు నానిబా. నవాహోలు తమను తాము డినే అని పిలుచుకుంటారు. ఆ భాషలో ఆడవారి పాతకాలపు పేర్లలో తరచుగా వినిపించే ‘బా’ అన్నది యుద్ధానికి సంబంధించిన మాట. ఆమె 1980లో న్యూ మెక్సికోలోని గాలప్‌లో పుట్టి, కొంతకాలం అరిజోనాలోని చిన్లీలోనూ, కొంతకాలం కొరాలెస్‌లోనూ పెరిగారు. పదహారో ఏట స్ప్రే డబ్బా పట్టి, పదేళ్లపాటు గ్రాఫిటీ వేశారు. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం చదివి పిల్లలకు పాఠాలు చెప్పారు. తైలవర్ణ చిత్రాలూ వేశారు. వాటిలోని స్త్రీ మూర్తులలో పాత అమెరికన్ పోస్టర్ల, కామిక్‌ల పోకడ కనిపిస్తుంది. మొదటి మ్యూరల్, అంటే గోడ బొమ్మ, 2012లో వేశారు. పదేళ్ల తరువాత, 2022లో, శాంటా ఫే నగరంలోని ‘సైట్ శాంటా ఫే’ అనే కళాకేంద్రంలో ‘స్పెక్ట్రమ్’ పేరుతో ఆమె ఏకవ్యక్తి ప్రదర్శన జరిగింది.

మొదటి ప్రశ్నలోని ‘ఇదా, అదా’ అన్న బేరం డినే మర్యాదకు అసలు పొసగదు. వారిలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. కొత్తవారికి తమను పరిచయం చేసుకునేటప్పుడు ముందు తల్లి వంశం, ఆ తరువాత తండ్రి వంశం, ఆపైన మాతామహుడి వంశం, చివరకు పితామహుడి వంశం చెప్పుకుంటారు. మన ప్రవర వంటిదే, కాకపోతే మొదలు అమ్మ దగ్గర. నాలుగు వంశాలూ చెప్పనిదే పరిచయమే పూర్తికానప్పుడు, రెండు వారసత్వాలలో ఒకదాన్ని వదులుకోమనడం అర్థంలేని మాట. నా లెక్కలో ఆ రెండూ ఆమె పనిలో రెండు వేర్వేరు బాధ్యతలు మోస్తున్నాయి: డినే వైపు నుంచి కథలూ అల్లికా వచ్చాయి, చికానో వైపు నుంచి గోడ వచ్చింది.

అల్లిక సంగతి నాకు చిన్లీ వెళ్లినప్పుడు గాని బోధపడలేదు. ఆల్బుకర్కీ నుంచి కారులో సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఊరి పక్కనే కాన్యన్ డి షే అనే ఎర్రరాతి లోయ ఉంది. అందులో దాదాపు ఎనిమిది వందల అడుగుల ఎత్తున స్పైడర్ రాక్ నిటారుగా నిలబడి ఉంటుంది. డినేలకు నేత నేర్పిన సాలీడు స్త్రీ దాని కొన మీద నివసిస్తుందని, మాట వినని పిల్లలను ఎత్తుకుపోతుందని, శిఖరం మీది తెలుపు ఆ పిల్లల ఎముకలేనని పెద్దలు చెబుతారట. చకోన్ 2012 నాటి మ్యూరల్ పేరుకు ‘ఆమె మాకు నేత నేర్పింది’ అని అర్థం. ఆ ‘ఆమె’ ఎవరో డినే పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడి మగ్గం నిలువుగా ఉంటుంది, నేసే ఆవిడ దాని ముందు కూర్చుని కింది నుంచి పైకి నేసుకుంటూ పోతుంది, కాగితం మీద నమూనా గీసుకునే అలవాటు సంప్రదాయంలో లేదు. నిలువు మగ్గాన్ని చూశాక గోడ నాకు మరోలా కనిపించింది.

ఇక గోడ. మెక్సికో విప్లవం తరువాత 1920లలో అక్కడి చిత్రకారులు ప్రభుత్వ భవనాల గోడల మీద సామాన్యుల చరిత్రను బొమ్మ కట్టారు. వారిలో ఒకరైన సికీరోస్ 1932లో లాస్ ఏంజెలెస్‌లో, అమెరికా గద్ద కింద శిలువ వేయబడిన ఆదివాసిని ‘అమెరికా ట్రోపికల్’ పేరుతో చిత్రించగా, కొద్దికాలంలోనే దాని మీద సున్నం కొట్టించారు. సంరక్షణ పనులు పూర్తయి జనం దాన్ని మళ్లీ చూడగలిగింది 2012లోనే, అంటే చకోన్ మొదటి గోడ ఎక్కిన ఏడాదే. ఈ రెంటికీ మధ్య ఆడవారి అధ్యాయం ఒకటి ఉంది. లాస్ ఏంజెలెస్‌లో వరదనీటి కాలువ గోడ మీద జూడీ బాకా అనే చికానా చిత్రకారిణి 1976లో రంగులు వేయించడం మొదలుపెట్టి, కొన్ని వేసవులలో, నాలుగు వందల మందికి పైగా యువతీయువకులతో, 2,754 అడుగుల పొడవున కాలిఫోర్నియా చరిత్రను వేయించారు. ఎక్కువమంది ఆ పని గొప్పదనాన్ని దాని పొడవులో చూస్తారు. బ్రష్ ఎవరి చేతికిచ్చారన్నది అంతకన్నా పెద్ద సంగతి అని నా అభిప్రాయం. చకోన్ కూడా స్థానికులను కలుపుకుని వేసే పెద్ద బొమ్మలనే తన ప్రధానమైన పనిగా చేసుకున్నారు.

రెండో ప్రశ్నకు సమాధానం నాకు ఆల్బుకర్కీలోని ఆ గోడ చెప్పింది. రంగు డబ్బా మూత తీయడానికి వారాల ముందే వీధివాళ్లతో సమావేశాలు జరిగాయి. నాకు అదంతా కాలయాపనగా తోచింది. తరువాత గోడ కడిగి, ప్రైమర్ పూసి, గళ్లు గీసి, ఏ గడిలో ఏ రంగో అంకెలు వేశారు. సుమారు అయిదు వేల అడుగుల ఎత్తున జూన్ ఎండ ఎంత పొడిగా ఉంటుందంటే, గరుకు గార సందుల్లోకి రంగు దిగేలోపే బ్రష్ కుచ్చు గట్టిపడిపోయేది. ఆ తొందరలో, నేత నమూనాలోని మెట్ల వరుసలో నేనొక మెట్టు ఎక్కువ వేశాను. పని నడిపిస్తున్నవారు గమనించలేదు. ఎదురింటి వరండాలో కూర్చున్న డినే పెద్దావిడ వీధి దాటి వచ్చి, వేలితో ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టి, ‘ఇక్కడ నాలుగే’ అని చెప్పి, నేను దిద్దేదాకా అక్కడే నిలబడింది. కాన్వాసు మీది బొమ్మ నచ్చకపోతే చూసేవారు వేరే గదిలోకి వెళ్లిపోవచ్చు, ఆవిడ మాత్రం రోజూ తలుపు తీస్తే ఆ గోడనే చూడాలి. ఆ మూలన రంగు ఇప్పటికీ కాస్త మందంగానే ఉంటుంది.